విశాఖ నుంచి బయలుదేరేటప్పుడు ఏ రగ్గు? సముద్రం ఒడ్డు నుంచి వంజంగి దాకా

విశాఖలో జనవరి రాత్రి కూడా ఫ్యాను తిరుగుతూనే ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అదే రాత్రి కొండెక్కి లంబసింగి చేరితే తెల్లవారుజామున మాట్లాడుతుంటే నోట్లోంచి పొగలు వస్తాయి. ఈ తేడా తెలియక కొందరు ఇంట్లో కప్పుకునే సోలాపూర్ దుప్పటి ఒక్కటి పట్టుకుని వెళ్లి రాత్రంతా మేలుకుంటారు. ఇంకొందరు మూడు కిలోల మింక్ రగ్గును బీచ్‌కి తీసుకెళ్లి, వారం తర్వాత కూడా అందులోంచి ఇసుక దులుపుతుంటారు. ఎక్కడ కూర్చుంటాం, ఎక్కడ పడుకుంటాం అన్నది తేల్చుకున్నాకే ఏం కొనాలో తేలుతుంది.

ముందు దగ్గరి చోట్లు. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి, వీటన్నిటికీ ఒకటే సూత్రం: నూగు ఉన్న బట్ట వద్దు. ఫ్లీస్ (నూగు తేలిన మెత్తటి పాలిస్టర్ బట్ట), మింక్, తువ్వాలు గుడ్డ, అన్నీ ఇసుకను పట్టుకుని వదలవు. ప్యారాచూట్ నైలాన్ అని అమ్మే పలుచని పట్టా ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఇసుక జారిపోతుంది, మడిస్తే గుప్పిట్లో పడుతుంది. నాలుగు మూలలా చిన్న జేబులున్న రకం తీసుకుని వాటిలో ఇసుక నింపాలి. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి మొదలైందంటే జేబుల్లేని పట్టా టిఫిన్ డబ్బాలతో సహా ముడుచుకుపోతుంది. నలుగురు కాళ్లు చాపుకుని కూర్చోవడానికి 2 మీటర్లకు 2 మీటర్లు కావాలి. 150కి 200 సెంటీమీటర్లదైతే ఇద్దరు పెద్దవాళ్లకు, ఒక చిన్నపిల్లకు సరి.

ఒక చిక్కు మాత్రం ఉంది. నీడ కోసం అందరూ సరుగుడు తోటలోకే వెళ్తారు. రాలిన సరుగుడు కాయలు చిన్న బఠాణీలా గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటాయి. నైలాన్ పట్టా వేసి కూర్చుంటే అవి నేరుగా తొడకు గుచ్చుకుంటాయి, ఒక్కోసారి పట్టాకు చిల్లు కూడా పడుతుంది. అక్కడ మాత్రం పాత జంపఖానా గానీ ప్లాస్టిక్ చాప గానీ అడుగున వేసుకోవాల్సిందే. పరిచేముందు కాలితో నేల ఊడ్చి కాయలు పక్కకు తోసేస్తే సగం బాధ తప్పుతుంది.

కైలాసగిరి పచ్చిక మీదికి పిక్నిక్ రగ్గు చాలు, అంటే పైన మెత్తటి బట్ట, కింద నీళ్లు దిగని పొర ఉన్నది. సాయంత్రం గడ్డి పొడిగా కనిపించినా పావుగంట కూర్చుంటే బట్టలు చెమ్మగిల్లుతాయి. ఆ పొరను లోపలికి మడిచి దాచకూడదు. మన ఎండకు, ఉక్కకు అది తనకు తానే అంటుకుపోయి, విప్పితే పొరలుగా లేస్తుంది. తొట్లకొండకు వెళ్లేవాళ్లకు చాప తప్ప ఇంకేమీ అక్కర్లేదు. కంబాలకొండలో నడిచేవాళ్లకు కూర్చోవడానికి చిన్న ఫోమ్ ముక్క చాలు, రగ్గు మోయడం వృథా.

ఇప్పుడు కొండలు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున, లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పడిపోతుంది. విశాఖలో 18 ఉంటే ఆ లెక్కన అక్కడ 12 ఉండాలి. కానీ లంబసింగికి దగ్గర్లోని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం చెప్పే అంకెలు చలికాలంలో ఒక్క అంకెలోకి దిగుతాయి, కొన్నేళ్లలో సున్నా దాకా వెళ్లాయి. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట నీళ్లలా జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే లోయ మధ్యన, తాజంగి రిజర్వాయర్ లాంటి చెరువుల పక్కన పల్లంలో వేసిన టెంటు కంటే, నాలుగడుగులు ఎత్తుగా చెట్ల పక్కన వేసినది వెచ్చగా ఉంటుంది. టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు నీళ్ల పక్కన ఫొటో బాగుంటుందని అక్కడే వేస్తారు. మెరక మీద వేయమని అడగండి.

చలి పైనుంచే వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి టెంటులో ఎక్కువ వేడి పోయేది నేలలోకి. రగ్గు వెచ్చదనమంతా పోగుల మధ్య చిక్కుకున్న గాలిలో ఉంటుంది. మన బరువు పడగానే ఆ గాలి బయటికి పోతుంది, ఇంకేం మిగలదు. అందుకని ఖరీదైన రగ్గును కింద పరిచి పలుచటిది కప్పుకున్నా, ఖరీదైనదాన్నే కప్పుకుని కింద ఉత్త టెంటు గుడ్డ మీద పడుకున్నా ఫలితం ఒకటే. డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు కింద వేసే చాప. నీళ్లు పీల్చని గట్టి ఫోమ్‌ది, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఇంట్లో 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్‌లు రెండుంటే ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చు. డిసెంబరులో కోతలైపోయిన ఊళ్లలో అడిగితే పొడి వరిగడ్డి దొరుకుతుంది. నాలుగు వేళ్ల మందాన పరిచి పైన బరకం వేస్తే ఏ ఫోమూ దానికి సాటిరాదు. చలిమంట దగ్గర మాత్రం గడ్డి వద్దు.

బరకం విషయంలో చిన్న జాగ్రత్త. టెంటు అడుగు భాగం కంటే నాలుగు వేళ్లు లోపలికి ఉండేలా మడవాలి. బయటికి పొడుచుకు వచ్చిందంటే టెంటు మీంచి జారిన మంచునీళ్లన్నీ దాని మీద పడి మన కిందికే చేరతాయి.

దుకాణంలో రగ్గు బరువును లెక్కగా చూడండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అన్నదే జీఎస్‌ఎం. లేబుల్ లేకపోయినా త్రాసు ఉంటే చాలు. 150కి 200 సెంటీమీటర్లంటే 3 చదరపు మీటర్లు. అది 900 గ్రాములు తూగితే 300 జీఎస్‌ఎం అన్నమాట. నడకకు 200 జీఎస్‌ఎం ఫ్లీస్ సరిపోతుంది: 130కి 170 సెంటీమీటర్లది 440 గ్రాములే ఉంటుంది. అరకు, లంబసింగి రాత్రులకు 300 జీఎస్‌ఎం ఫ్లీస్ ఒకటి, దాని మీద ఉన్నిది ఒకటి ఉండాలి. ఒకే మందపాటి రగ్గు కంటే రెండు మామూలువి నయం. మధ్యలో ఇంకో గాలి పొర చేరుతుంది, తెల్లారేసరికి ఒకటి తడిసినా రెండోది మిగులుతుంది.

ఉన్ని అని అమ్మేదంతా ఉన్ని కాదు. పానిపట్ నుంచి వచ్చే చవక రగ్గుల్లో పాత బట్టల పీచుతో చేసినవి, అక్రిలిక్ కలిసినవి చాలా ఉంటాయి. అంచు నుంచి ఒక పోగు లాగి, బయటికి వచ్చి అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట దానంతటదే ఆరుతుంది, మిగిలిన నల్లటి పూస వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. అక్రిలిక్, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది, నలిపినా పగలదు. నూలయితే కాగితంలా కాలి బూడిద మిగులుతుంది. కలిపి నేసినదైతే పొడీ, గట్టి పూసా రెండూ కనిపిస్తాయి. అది పనికిరాదని కాదు, ఉన్ని ధర పెట్టకూడదంతే.

ఉన్ని అంత అవసరమా అంటే, పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లేవాళ్లకు అవసరమే. అక్కడికి వెళ్లేదే మేఘాలు చూడటానికి. మేఘంలో కూర్చున్నప్పుడు కప్పుకున్నది తడవక తప్పదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపలికి పీల్చుకుని కూడా పైకి పొడిగానే తోస్తుంది, వెచ్చదనం పూర్తిగా పోదు. ఫ్లీస్ తేమ పీల్చదు, దులిపితే చాలావరకు ఆరుతుంది. నూలు దుప్పటి తడిసిందంటే ఒంటికి అంటుకుని ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. పక్షి ఈకల నూగు నింపిన రజాయిలు పొడి చలికి బాగుంటాయి గానీ మన మంచు తేమకు ఉండలు కడతాయి. పాడేరులో దిగి, తెల్లవారకముందే చీకట్లో కొండెక్కేవాళ్లకు చెమట పడుతుంది. పైకి చేరి ఆగగానే ఆ చెమటే వణికిస్తుంది. ఎక్కేటప్పుడు రగ్గు సంచిలో ఉండాలి, ఆగిన మరుక్షణం భుజాల మీదికి రావాలి. గాలి ఎక్కువైతే ఉన్నీ ఫ్లీసూ రెండూ జల్లెడలాంటివే. పైన రెయిన్‌కోటు వేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

మన గొంగళి గురించి ఒక మాట. దక్కనీ గొర్రెల నల్లటి ఉన్నితో కురుమలు నేసే అసలు గొంగళికి చింతగింజల గంజి పెడతారు. ఆ గంజి వల్లే అది బిరుసుగా ఉండి వానచినుకును జార్చేస్తుంది. తెలంగాణలోనో రాయలసీమలోనో బంధువులుంటే తెప్పించుకోండి. గరుకుగా ఉంటుంది, కొత్తలో వాసన వేస్తుంది, నిప్పురవ్వ పడితే కాస్త మాడి ఊరుకుంటుంది. అదే రవ్వ ఫ్లీస్ మీద పడితే కరిగి రంధ్రం పడుతుంది, చర్మానికి కూడా అంటుకుంటుంది. చలిమంట చుట్టూ కూర్చునేటప్పుడు పిల్లలకు ఫ్లీస్ కప్పి మంట పక్కన కూర్చోబెట్టవద్దు.

వెండిరంగు ఎమర్జెన్సీ షీటు 50, 60 గ్రాములే ఉంటుంది కాబట్టి సంచిలో పడేసుకోవాలి. కానీ దాన్ని నేల మీద పరిచి పడుకుంటే ప్రయోజనం లేదు. అది వేడిని వెనక్కి తిప్పాలంటే ఒంటికీ దానికీ మధ్య కాస్త గాలి ఉండాలి. రాత్రంతా చుట్టుకున్నా లోపల చెమట కారుతుంది. దారి తప్పినప్పుడు, తడిసినప్పుడు వాడాల్సిన వస్తువది.

ఇక బసలు. అరకు, అనంతగిరి, టైడాల్లో పర్యాటక సంస్థ హరిత విడుదులున్నాయి, ప్రైవేటు లాడ్జిలు, హోమ్‌స్టేలు కూడా ఉన్నాయి. శ్లాబు గదిలో దిగేవాళ్లు రగ్గులు మోయనక్కర్లేదు, మనిషికొకటి ఇస్తారా, మంచానికొకటా అని బుక్ చేసేటప్పుడే అడిగితే చాలు. మోయాల్సింది దుప్పటి. ఏ ఊళ్లోనైనా గదుల్లో పక్కబట్టలు మార్చినంత తరచుగా రగ్గులు ఉతకరు. మెత్తబడ్డ పాత నూలు చీర 4.2 మీటర్లు తీసుకుని సగానికి మడిచి, రెండు పక్కలా కుట్టేస్తే 2.1 మీటర్ల సంచి తయారవుతుంది. అందులో దూరి పైన హోటల్ రగ్గు కప్పుకుంటే ఆ రగ్గు ఒంటికి తగలదు. అద్దె స్లీపింగ్ బ్యాగులకూ ఇదే మందు.

రేకుల గదులు చవకగా వస్తాయి, కానీ డిసెంబరు, జనవరిల్లో ఆలోచించి తీసుకోండి. రాత్రి రేకు చల్లబడి, మన ఊపిరిలోని ఆవిరి దానికి పట్టి, తెల్లవారుజామున బొట్లుబొట్లుగా మంచం మీద పడుతుంది. కింద సీలింగ్ కొట్టిన గది అయితే ఫర్వాలేదు. టెంటులోనూ ఇదే జరుగుతుంది. చలికి భయపడి జిప్పులన్నీ మూసేస్తే లోపలి గోడలు తడిసి, వాటికి ఆనిన రగ్గు అంచు పిండేలా అవుతుంది. పైన గాలి కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలి. కాళ్ల వైపు రగ్గు గోడకు తగలకుండా సంచిని అడ్డం పెట్టాలి.

టెంటు అద్దెకు తీసుకునేముందు ఫోన్లో ఈ నాలుగు సంగతులు తేల్చుకోండి: పైన రెండో పొర ఉందా, కింద చాప మందమెంత, మనిషికి ఎన్ని రగ్గులు, స్లీపింగ్ బ్యాగు మీద కంఫర్ట్ అని రాసిన డిగ్రీలెన్ని. లేబుల్ మీద ఎక్స్‌ట్రీమ్ అంకె చూపించి సున్నాకైనా ఆగుతుందని చెప్తారు. అది ప్రాణం నిలుపుకునే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. కంఫర్ట్ అంకె 10 ఉన్న బ్యాగుతో జనవరి లంబసింగికి వెళ్తే పైన ఫ్లీస్ తప్పదు. చాప గురించి జవాబు సరిగా రాకపోతే మీదే పట్టుకెళ్లండి.

ఎంత చలేసినా కుంపటిని, బొగ్గుల బకెట్టును టెంటులోకి గానీ మూసిన గదిలోకి గానీ తేవద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బదులుగా స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, మేజోడులో పెట్టి పాదాల దగ్గర ఉంచుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

మోసుకెళ్లే తీరుకొస్తే, కిరండూల్ రైల్లో అరకు వెళ్లేవాళ్లకు మూడు కిలోల రగ్గైనా, ఇంటి బొంతైనా బరువు కాదు. కారుకూ అంతే. బొంతను మించిన పక్క లేదు, ఫోమ్ చాప మీద వేస్తే ఇల్లే. బైకు మీద నర్సీపట్నం దారిలోనో పాడేరు ఘాట్‌లోనో వెళ్లేవాళ్లు మాత్రం రగ్గును ముందు చెత్తకు వాడే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి ముడేసి, ఆ తర్వాతే సీటుకు కట్టాలి. ఘాట్‌లో వాన పడకపోయినా మంచుకే తడుస్తుంది.

తిరిగి వచ్చాక బీచ్ పట్టాను మంచినీళ్లలో జాడించాలి. ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాగుతూ ఉంటుంది, ఎన్నాళ్లు ఆరేసినా జిగటగానే తోస్తుంది. ఫ్లీస్‌ను చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో ఉతకండి. మెత్తదనానికి వేసే ద్రవం పోస్తే పోగులు అతుక్కుంటాయి. ఇస్త్రీ పెట్టకూడదు. ఉన్నిని వేడినీళ్లలో వేస్తే కుంచించుకుపోయి దళసరి గుడ్డ అవుతుంది. చల్లటి నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడన చాప మీద పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేస్తే బరువుకు సాగుతుంది. విశాఖ ఉక్కలో లోపలి తడి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మడత మధ్యలో చెయ్యి పెట్టి చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. ఆరాక నూలు సంచిలో వేసి, కలరా ఉండలను గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి దాస్తే వానాకాలం గడిచేసరికి బూజు పడుతుంది.