అమరావతి శిల్పాలు: లండనా, చెన్నైనా, అమరావతా?

సెమినార్‌కని ఏ ఊరెళ్లినా ఒక పూట మిగుల్చుకుని మ్యూజియానికి పోవడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. అలా ఒకే స్తూపం, మన అమరావతి బౌద్ధస్తూపం, ముక్కల్ని మూడు ఊళ్లలో చూశాను. లండన్‌లో ఒకసారి, చెన్నైలో నాలుగైదుసార్లు, అమరావతిలో చాలాసార్లు. వచ్చి క్లాసులో చెబితే పిల్లలు అడిగేది ఎప్పుడూ ఒకటే: "మేడమ్, అవన్నీ మనకి తిరిగి రావాలా, వద్దా?"

ఒకప్పుడు "రావాలి" అని ఠక్కున అనేసేదాన్ని. ఇప్పుడు "ముందు ఎక్కణ్ణుంచి?" అని ఎదురు అడుగుతున్నాను.

శిల్పాన్ని శిల్పంగా చూడాలంటే లండనే. ఈ మాట ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ నిజం. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అనే గదిలో, అద్దాల వెనక, సుమారు 120 ముక్కలున్నాయి. వెలుతురు ఎంత పడాలో, గాలిలో తేమ ఎంతుండాలో లెక్క చూసుకుని పెట్టారు. అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రెండు వైపులా చెక్కిన ఒక పలక. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్ది పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం అది. కొన్ని వందల ఏళ్ల తర్వాత, క్రీస్తుశకం 3వ శతాబ్దిలో, ఎవరో ఆ పలకనే తిరగేసి వెనకవైపు ఒక నిండు స్తూపాన్ని చెక్కారు. పాత చీరని బొంతకి వాడుకున్నట్టు పాత రాయిని పారేయకుండా వాడుకున్నారన్నమాట. మన స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇలాంటి పలకలే దిక్కు. స్తూపం మీద స్తూపం బొమ్మ చెక్కి పెట్టడం ఆ శిల్పులు మనకి చేసిన ఉపకారం.

ఆ మ్యూజియంలోకి టికెట్ లేదు, అందరికీ ఉచితం. అయితే వీసా ఉచితం కాదు. పల్నాటి రైతు కూలీ ఒకరు ఆ గదిలో నిలబడే అవకాశం ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

"తెల్లవాళ్లు తీసుకెళ్లబట్టే మిగిలాయి" అనే వాదన ఒకటుంది. సగమే నిజం. 18వ శతాబ్ది చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చినప్పుడు, కట్టడాలకు రాయి కోసం స్తూపం దిబ్బను తవ్వించిన మాట వాస్తవం. కొన్ని పలకలు సున్నంబట్టీలకూ పోయాయి. పల్నాటి సున్నపురాయి కదా, కాలిస్తే సున్నమే. కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ మొదటిసారి వచ్చి చూసి, 1816లో మళ్లీ వచ్చి కొలతలూ బొమ్మలూ గీయించే నాటికే చాలా పోయింది. సరే, ఇది మన తప్పు. తర్వాత? 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన పలకలు అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో ఓడెక్కించి లండన్ పంపితే అక్కడా చోటు లేదు. 1867లో కట్టడాల చరిత్ర రాసే జేమ్స్ ఫెర్గూసన్ వాటిని కనుక్కున్నది ఎక్కడనుకున్నారు? గుర్రబ్బగ్గీలు పెట్టుకునే ఒక షెడ్డులో. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. అంటే నిర్లక్ష్యం విషయంలో జమీందారుకీ తెల్లదొరలకీ పెద్ద తేడా లేదు. జమీందారు రాళ్లను ఊళ్లోనే పాడుచేశాడు, వీళ్లు ఊళ్లు తిప్పుతూ పాడుచేశారు.

ఇక చెన్నై. ఎగ్మూర్‌లోని ప్రభుత్వ మ్యూజియం 1851లో పెట్టింది. అమరావతి రాళ్లు లండన్‌లో ఉన్నవాటికంటే ఇక్కడే ఎక్కువ. చదువుకునేవాళ్లకి, శాసనాలు చూసుకునేవాళ్లకి ఇంతకు మించిన చోటు లేదు. లండన్‌లో ఉన్నంత మౌనం ఇక్కడుండదు. బడిపిల్లలు వరస కట్టి అరుచుకుంటూ పోతుంటారు. నాకైతే అదే బాగుంటుంది. స్తూపం చుట్టూ అప్పుడు మాత్రం అందరూ నోరు మూసుకుని తిరిగుంటారా?

విజయవాడ నుంచి చెన్నై సుమారు 430 కిలోమీటర్లు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాం. పాస్‌పోర్ట్ అక్కర్లేదు. అయినా మనకి బాధంతా లండన్ మీదే. ఒకప్పుడు "మదరాసు మనదే" అని రోడ్లెక్కినవాళ్లం, ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953 నుంచి ఇప్పటిదాకా ఎగ్మూర్‌లోని రాళ్ల గురించి అంత గట్టిగా గొంతు ఎత్తింది లేదు. తెల్లవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం సులువు కాబోలు.

అమరావతికి మొదటిసారి వెళ్లేవాళ్లు తప్పకుండా నిరాశపడతారు. ముందే చెబుతున్నాను. గుంటూరు నుంచి గంటసేపు బస్సులో వెళితే, కనిపించేది గడ్డి మొలిచిన ఎత్తు తక్కువ దిబ్బ, చుట్టూ ఇటుక వరసలు, అక్కడక్కడ నిలబెట్టిన పలకలు. దాన్నే ఒకప్పుడు దీపాలదిన్నె అనేవారు. ఒకసారి నేను నోట్సు రాసుకుంటుంటే చెట్టు కింద కూర్చున్న పెద్దావిడ అంది: "ఏముందమ్మా ఇక్కడ రాసుకోడానికి? అంతా పట్నాలకి పట్టుకుపోయారుగా."

కానీ దిబ్బ చుట్టూ ఒక్కసారి నడవండి. స్తూపం అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు. చుట్టి వచ్చేసరికి కాళ్లకి ఆ కట్టడం ఎంతదో తెలుస్తుంది. మ్యూజియాల్లో ఈ పలకల్ని గోడకి వరసగా, సినిమా పోస్టర్లలా, నిలబడి చూస్తాం. వాటిని చెక్కింది నడుస్తూ చూడ్డానికి, ప్రదక్షిణం చేస్తూ ఒక కథలోంచి ఇంకో కథలోకి వెళ్లడానికి. ఈ సంగతి లండన్‌లో తలకెక్కలేదు, ఇక్కడ కాళ్లకెక్కింది. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, మిగిలిన కొన్ని మంచి ముక్కలు అందులో ఉన్నాయి.

నా లెక్క మార్చింది మాత్రం శిల్పం కాదు, ఒక శాసనం. పూర్ణఘటం, అంటే నిండు కుండ, చెక్కిన ఒక పలకను తనవాళ్లతో కలిసి దానమిచ్చినవాడు విధికుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. వృత్తి చెప్పుకున్నాడు: చమ్మకార, తోలుపనివాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, అందరినీ కలుపుకుని రాయించాడు. ఇంకో పలక మీద అత్తరు వ్యాపారి పేరు, మరికొన్నిటి మీద భిక్షుణుల పేర్లు. రాజుగారు కట్టించిన గుడి కాదు ఇది, చందాల స్తూపం. ఒక తోలుపనివాడు తన వృత్తిని దాచుకోకుండా పవిత్రమైన రాయి మీద చెక్కించుకున్న చోటు. తర్వాతి కాలంలో అదే వృత్తివాళ్లని ఎన్ని గుడుల గుమ్మాల దగ్గర ఆపేశారో మనకి తెలుసు. తెలుగు మాటల్లో అతి పాతదని చెప్పుకునే "నాగబు" కూడా ఇక్కడి రాయి మీదిదే. దాన్ని గుర్తించిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పేరు పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ వచ్చు. విధికుడి పేరు ఎంతమందికి వచ్చు?

అందుకే ఏది మేలు అంటే నేను చూసేది, ఈ పేర్లను ఎవరు వచ్చి చదువుకోగలరు అని. ఆ లెక్కన లండన్ చివర. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం అక్కడి వస్తువుల్ని తీసి ఇచ్చేయడం దాదాపు కుదరని పని. దానికోసం ఉద్యమం చెయ్యొద్దనను. అదొక్కటే పనిగా కూర్చుంటే మాత్రం మన తరం గడిచిపోతుంది.

అలాగని మొత్తం తెచ్చి అమరావతిలో పెట్టమని కూడా అనలేను. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగిలించిన ఒక శిల్పం ఎక్కడ తేలిందో గుర్తుందా? ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో. 2016లో వాళ్లు తిరిగిచ్చారు. పుట్టిన చోటు భద్రమైన చోటు కావాలంటే కాపలా, కెమెరాలు, జీతాలు కావాలి, ప్రేమ ఒక్కటే సరిపోదు. నాగార్జునకొండ ఒక మధ్యేమార్గం చూపించింది. సాగర్ నీళ్లలో లోయ మునిగేలోపు తవ్వి, పైకి తెచ్చి, ఆ నీళ్ల మధ్యే ద్వీపంలో మ్యూజియం కట్టారు. లాంచీ ఎక్కాలి, ఆలస్యమవుతుంది, ఎండ మాడుస్తుంది, అయినా చూసేటప్పుడు కాళ్ల కింద ఆ లోయ ఉందని తెలుస్తూనే ఉంటుంది.

కాబట్టి నా ఓటు ఇలా: మొదట చెన్నైతో మాట్లాడాలి. అన్నీ అడగొద్దు. దాతల పేర్లున్న పలకలు, ముందుగా వృత్తులు చెప్పుకున్నవాళ్లవి, కొన్నేళ్లకోసారి మారుస్తూ అరువుగానైనా అమరావతికి రావాలి. పక్కన శాసనం మాట, దాని తెలుగు అర్థం పెద్ద అక్షరాల్లో ఉండాలి. పెద్ద శిల్పాలు ఎగ్మూర్‌లోనే ఉండనివ్వండి, చూసేవాళ్లు వెళ్లి చూస్తారు. లండన్‌ని కూడా అరువే అడగాలి.

అప్పటిదాకా వెళ్లాలనుకునేవాళ్లకి: ముందు చెన్నై, ఆ తర్వాత అమరావతి. చెన్నైలో పలకల్ని కళ్లనిండా చూసుకుని వస్తే, దిబ్బ చుట్టూ నడిచేటప్పుడు ఏది ఎక్కడుండేదో మీరే పేర్చుకుంటూ పోతారు. తిరగేసి వెళితే ఆ పెద్దావిడ మాటే నిజమనిపిస్తుంది. శుక్రవారం మాత్రం వెళ్లకండి, రెండు మ్యూజియాలకీ ఆ రోజు సెలవు.