గేమ్ స్టోర్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్న స్టూడియోల వారికి హెచ్చరిక

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో మాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు, లగ్నపత్రిక వీడియోలు, వాట్సాప్‌లో పంపుకునే ఆహ్వానాలు చేసి బతుకుతున్నాం. గత మాఘమాసం ముహూర్తాలకు కొద్ది రోజుల ముందు, కంప్యూటర్ గేములు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో 1,850 రూపాయలు చెల్లించి వీడియో టైటిళ్ళు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. అంతకంటే బాధ కలిగించినది, ఒక పెళ్ళివారికి ఇచ్చిన మాట తప్పవలసి రావడం. దానిని తయారుచేసిన వారి పేరుగాని, దుకాణం పేరుగాని ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్క సంస్థ సంగతి కాదు. ఆటల కోసం రాసుకున్న నియమాల కింద మనం పనిముట్టును కొంటే, ఆ నియమాలు మన పనికి ఎక్కడెక్కడ అడ్డం వస్తాయో తోటి స్టూడియోల వారు ముందే తెలుసుకోవాలి.

ఇలాంటి దుకాణాలలో సాఫ్ట్‌వేర్ దొరకడం కొత్త విషయం కాదు. ఈ రంగంలో అందరికీ తెలిసిన స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో 2012 అక్టోబరు నుంచే ఆటలు కాని ప్రోగ్రాములు కూడా అమ్ముతున్నారు. బొమ్మలు గీయడానికి, ఫొటోలు దిద్దడానికి, వీడియో, ఆడియో పనులకు అక్కడ చాలా ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్, తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అక్కడ కూడా ఉచితంగానే దొరుకుతాయి. ధరలు రూపాయల్లో కనిపిస్తాయి, పండుగ తగ్గింపులు ఉంటాయి, చాలావాటికి నెలనెలా చందా కట్టే బాధ ఉండదు. నెలసరి చందాలతో విసిగిపోయిన మాలాంటి చిన్న స్టూడియోకు ఒక్కసారి కొనుక్కునే వస్తువు కనిపిస్తే ఆశ పుట్టడం సహజం. నేను కొన్నదీ ఆ ఆశతోనే.

కొన్న రోజు సాయంత్రం ప్రోగ్రామును తెరిచాను. తెరవగానే అది తనంతట తాను టెంప్లేట్లను, అంటే ముందే చేసిపెట్టిన టైటిల్ నమూనాలను, దించుకోవడం మొదలుపెట్టింది. మా నెట్ వేగానికి అదే గంటకు పైగా పట్టింది. తర్వాత ఇంగ్లీషులో పేర్లు టైపు చేసి, అక్షరాలు మెరిసేలా, పూలరేకులు రాలేలా నాలుగైదు టైటిళ్ళు చేసి చూశాను. అన్నీ చక్కగా వచ్చాయి. ఆ సంతోషంలో ప్రోగ్రామును మూయకుండానే భోజనానికి ఇంటికి వెళ్ళిపోయాను. మరునాడు ఉదయం చూస్తే, రాత్రంతా కలిపి వాడిన సమయం గంటలకొద్దీ ఉన్నట్టు దుకాణం యాప్ చూపించింది. అప్పటికి ఆ అంకెకు ఉన్న విలువ నాకు తెలియదు.

మధ్యాహ్నం అసలు పని మొదలుపెట్టాను. మా ఊరిలో చాలా పత్రికల మాదిరిగానే ఆ పెళ్ళివారు పంపిన పత్రిక కూడా దేవుని కడప స్వామి పేరుతో, "శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి వారి దివ్య ఆశీస్సులతో" అని మొదలవుతుంది. ఆ వాక్యాన్ని వాట్సాప్ నుంచి తీసి టైటిల్ పెట్టెలో అతికించాను. తెర మీద "క్ష్మీ" అనే అక్షరం ముక్కలైపోయి కనిపించింది. క పక్కన ఒక పొల్లు, ష పక్కన ఒక పొల్లు, ఆ తర్వాత మ, దానికి అంటకుండా విడిగా గుడిదీర్ఘం. "శ్రీ"లో రావత్తు లేదు, "స్వామి"లో వావత్తు లేదు. దేవుడి పేరే అలా విరిగి కనిపిస్తుంటే నా పక్కన కూర్చున్న పెళ్ళికూతురి మేనమామ ఏమీ అనలేదుగాని, ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీనిని ఫాంటు లోపం అనుకొని పది ఫాంట్లు మార్చి చూస్తారు. నేనూ అదే చేశాను. ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే అక్షరాల పద్ధతి యూనికోడ్. ఆ యూనికోడ్ తెలుగులో "క్ష్మీ" అనేది ఒక్క అక్షరంగా నిలవ ఉండదు. క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం అనే ఆరు గుర్తుల వరుసగా ఉంటుంది. వాటిని కలిపి ఒత్తులను కిందికి దించి, గుణింతాన్ని పైన కూర్చోబెట్టే పని ప్రోగ్రాము చేయాలి. ఇంగ్లీషు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మాత్రమే తెలిసిన ప్రోగ్రాముకు ఎంత మంచి తెలుగు ఫాంటు ఇచ్చినా ఫలితం ఇంతే. డీటీపీ వాళ్ళు వాడే పాత తరహా అను ఫాంట్లతో టైపు చేసినవాటికి సాధారణంగా ఈ చిక్కు రాదు, అక్కడ ఒత్తును కూడా విడి అక్షరంలాగే పక్కన కూర్చోబెడతారు కనుక. కాని ఇప్పుడు మనకు పత్రిక పాఠం వచ్చేది వాట్సాప్‌లో, యూనికోడ్‌లో. వంద పేర్లున్న పత్రికను మళ్ళీ మొదటి నుంచి టైపు చేసే తీరిక పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరికి ఉంటుంది? సాఫ్ట్‌వేర్ పేజీలో "అన్ని భాషల ఫాంట్లూ పనిచేస్తాయి" అనే అర్థం వచ్చేలా రాశారు. ఫాంటు తెరుచుకోవడం వేరు, భాష సరిగా పలకడం వేరు. ఆ మాట రాసినవారు ఆ తేడాను దాచిపెట్టారని నేను అంటున్నాను.

రీఫండ్ కోసం ఆ రోజే అర్జీ పెట్టాను. వాడిన సమయం పరిమితి దాటిందని తిరస్కరించారు. స్టీమ్‌లో 2015 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, కొన్న 14 రోజులలోపు, మొత్తం వాడకం 2 గంటలు మించకుండా ఉంటే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. నేను కొన్నచోట నియమం కూడా ఇదే తరహాది. అది ముందే రాసి ఉంది కనుక దుకాణాన్ని తప్పు పట్టను. అయితే ఒక ఆట నచ్చిందో లేదో తెలియడానికి రెండు గంటలు చాలవచ్చుగాని, ఒక ఎడిటింగ్ ప్రోగ్రామును నేర్చుకొని, ఒక పని పూర్తిగా చేసి, రెండర్ పెట్టి, అంటే దానిని పూర్తి వీడియో ఫైలుగా మార్చి, చూడడానికి చాలవు. మనం కుర్చీలో ఉన్నా లేకున్నా ప్రోగ్రాము తెరిచి ఉన్నంతసేపూ లెక్క నడుస్తూనే ఉంటుంది. అది లోపల టెంప్లేట్లు దించుకుంటున్న సమయం కూడా మన ఖాతాలోనే పడుతుంది.

తర్వాత తెలిసిన విషయం ఇంకా కష్టంగా తోచింది. తయారీదారుల సొంత వెబ్‌సైటులో అదే సాఫ్ట్‌వేర్ కొత్త సంచిక అమ్మకంలో ఉంది. గేమ్ స్టోర్‌లో ఉన్నది దానికంటే రెండు సంచికలు పాతది, అప్‌డేట్లు ఆగిపోయి చాలా నెలలైంది. అక్కడ కొన్నవారికి ఇక్కడి సంచిక, ఇక్కడ కొన్నవారికి అక్కడి సంచిక ఇవ్వరు. సహాయం కోరుతూ రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు. లైసెన్స్ ఒప్పందాన్ని అప్పుడు చదివాను, కొనకముందే చదవవలసినది. దుకాణంలో అమ్మే ప్రతిని సొంత వినియోగానికే వాడుకోవాలని, డబ్బు తీసుకొని చేసే పనికి వేరే లైసెన్స్ కొనాలని ఒక వాక్యం ఉంది. అంటే తెలుగు సరిగా వచ్చినా ఆ సాఫ్ట్‌వేర్‌తో నేను పెళ్ళి వీడియో చేసి అమ్మడానికి వీలు లేదన్నమాట. స్టూడియో నడిపేవారు ఈ ఒక్క వాక్యం కోసమైనా ఒప్పందాన్ని తెరిచి చూడాలి.

ఖాతా విషయంలో నా పొరపాటు ఒకటి ఉంది, అది కూడా చెబుతాను. నాకు వేరే ఖాతా లేక, మా అన్న కొడుకు ఆటలాడుకునే ఖాతాలోనే కొన్నాను. అబ్బాయి తిరుపతిలో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాడు. అక్కడ వాడు ఆట తెరిస్తే ఇక్కడ నా ప్రోగ్రాము మూసుకుపోయేది, ఎందుకంటే ఒకే ఖాతాతో ఒకే సమయంలో రెండు కంప్యూటర్లలో వాడనివ్వరు. ఖాతాను ఇతరులతో పంచుకోవడానికి నియమాలు ఒప్పుకోవు, కొన్న వస్తువును ఆ ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు మార్చుకునే వీలు కూడా లేదు. పాత కంప్యూటర్లున్న స్టూడియోలు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్టీమ్ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద తన యాప్‌కు మద్దతు ఆపివేసింది. దుకాణం యాప్ తెరుచుకుంటేగాని నడవని సాఫ్ట్‌వేర్ అయితే, యాప్ ఆగిన రోజున అదీ ఆగుతుంది.

పెద్ద దుకాణంలో ఉంది కదా, పరీక్షించే పెట్టి ఉంటారని నేను నమ్మాను. స్టీమ్ పద్ధతినే చూడండి. 2017 జూన్ నుంచి ఒక్కో ఉత్పత్తికి 100 డాలర్లు కట్టి, కావలసిన పత్రాలు సమర్పించినవారు దానిని అమ్మకానికి పెట్టవచ్చు. అమ్మకాలు 1,000 డాలర్లకు చేరితే ఆ రుసుము కూడా తిరిగి ఇస్తారు. ప్రోగ్రాము తెరుచుకుంటోందా, హాని చేసేది ఏదైనా ఉందా అన్నంతవరకు చూస్తారుగాని, తెలుగు ఒత్తులు సరిగా పడుతున్నాయా అని ఎవరూ చూడరు. అది మనమే చూసుకోవాలి.

కనుక కొనేముందు తయారీదారుల సొంత సైటుకు వెళ్ళి సంచిక సంఖ్య, ధర పోల్చండి. ట్రయల్ ఉంటే అక్కడిదే దించుకోండి. బొమ్మలు గీసే క్రిటా వంటి మంచి ప్రోగ్రాము సొంత సైటులో ఉచితంగా దొరుకుతుంది, స్టీమ్‌లో మాత్రం ధర ఉంటుంది. ఆ డబ్బు దాని అభివృద్ధికి చేరుతుంది కనుక తెలిసి కొనడంలో తప్పు లేదు, తెలియక కొనకూడదు. స్టూడియో పేరుతో వేరే ఖాతా తెరవండి. కొన్నాక మొదటి పది నిమిషాలలోనే "శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి" అని అతికించి చూడండి, దానిని రెండర్ చేసి ఫోనులో కూడా చూడండి. కొన్నిచోట్ల తెర మీద బాగున్న ఒత్తులు రెండర్‌లో విరుగుతాయి. లేచి వెళ్ళేటప్పుడు ప్రోగ్రామును మూసివేయండి.

ఇప్పటికే ఇలాంటివి కొని ఇంకా 14 రోజులు దాటనివారు దుకాణం యాప్‌లో కొన్నవన్నీ కనిపించే మీ లైబ్రరీలో గంటల లెక్క ఈ రోజే చూసుకోండి. 2 గంటలలోపు ఉంటే, మళ్ళీ తెరవకుండా ముందు రీఫండ్ అర్జీ పెట్టండి. పరిమితి దాటినా అర్జీ పెట్టవచ్చని, పరిశీలిస్తామని స్టీమ్ చెబుతోంది కనుక అక్కడ కొన్నవారు విరిగిన అక్షరాల స్క్రీన్‌షాట్‌ను దాచి ఉంచి, కారణం వివరంగా రాసి పంపండి.