అరటిపండు ఓట్స్ బార్లు: మూడేళ్లు, వందకు పైగా ట్రేలు చేశాక

మా ఎనిమిది అంగుళాల చదరపు ట్రే అడుగున అడ్డంగా మూడు, నిలువుగా రెండు కత్తి గాట్లు ఉన్నాయి. ఒక మూల నల్లపూత కూడా లేచిపోయింది. మూడేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ట్రే ఓవెన్‌లోకి వెళ్తోంది, ప్రతిసారీ అరటిపండు ఓట్స్ బార్ల కోసమే. లెక్క రాసుకోలేదు గానీ వంద ట్రేలు ఎప్పుడో దాటాయి. ఒకటి రెండుసార్లు చేసి "అద్భుతం" అని చెప్పేవాళ్ల మాట నమ్మి మొదలుపెట్టినవాణ్ని నేను. ఇన్ని ట్రేల తర్వాత ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో చెప్పాలనిపించింది.

మొదలుపెట్టిన కారణం గొప్పదేం కాదు. ఇంట్లో అరటిపళ్లు ఎప్పుడూ ఎక్కువైపోయేవి. తొక్క మీద నల్లమచ్చ కనిపిస్తే మా వాడు ముట్టడు. సగం డజను పారేసిన రోజున మా ఆవిడ, "ఇక మీరు పళ్లు కొనడమైనా మానండి, లేదా కొన్నవన్నీ మీరే తినండి" అంది. రెండూ కుదరక ఈ పని నెత్తికెత్తుకున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, ఇవి కరకరలాడవు. బయట కొనే గ్రనోలా బార్‌లా ఉంటాయనుకుంటే నిరాశే మిగులుతుంది. ఆ బార్లు గట్టిగా ఉండేది తేనె, పంచదార, సిరప్ లాంటివాటి వల్ల. అవి వేడికి పాకమై ఓట్స్‌ని అతికించి, చల్లారాక బిగుసుకుంటాయి. ఇక్కడ అతికించే పని అరటిపండు గుజ్జుది. అందులో దాదాపు ముప్పాతిక వంతు నీళ్లే. అందుకే ఎంత కాల్చినా ఇది కేకుకీ బిస్కెట్‌కీ మధ్యలో, మెత్తగా, నమిలి తినేలా వస్తుంది. అంచులు మాత్రం కొంచెం గట్టిగా, ఎర్రగా కాలతాయి. మా ఇంట్లో ఆ అంచు ముక్కల కోసమే పోటీ. మొత్తం ట్రే అలాగే రావాలని ఒకసారి 40 నిమిషాలు ఉంచాను. పైన చెక్కలా, లోపల రబ్బరులా తయారైంది. మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు.

ఇప్పుడు నేను వాడే కొలతలు: తొక్క తీసిన అరటిపండు 350 గ్రాములు, ఓట్స్ 200 గ్రాములు, పీనట్ బటర్ రెండు టేబుల్ స్పూన్లు, బాదంపప్పు పలుకులు 50 గ్రాములు, దాల్చినచెక్క పొడి అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. గుడ్డు లేదు, మైదా లేదు, పంచదార లేదు, బేకింగ్ పౌడర్ కూడా లేదు. అన్నీ కలిపి, పేపర్ పరిచిన ట్రేలో ఒత్తి, 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నిమిషాలు. పన్నెండు ముక్కలొస్తాయి. తీపి వంటకంలో ఉప్పెందుకని మానేయకండి. ఒకసారి మర్చిపోయాను. తీపి ఉంది, వాసన ఉంది, అయినా తింటుంటే ఏదో వెలితి. మా వాడు రెండు కొరుకులు తిని, "ఇవాళ్టివి ఏంటి నాన్నా, చప్పగా ఉన్నాయి?" అన్నాడు.

ఇప్పుడంటే గ్రాముల్లో చెబుతున్నాను గానీ, మొదటి ఏడాది నా తిప్పలన్నీ ఈ విషయంలోనే. ఏ రెసిపీ చూసినా "మూడు అరటిపళ్లు, రెండు కప్పుల ఓట్స్" అని ఉంటుంది. ఏ మూడు? చిన్నవి మూడు తూస్తే గుజ్జు 240 గ్రాములు వచ్చింది, పెద్దవి మూడు తూస్తే 450. మొదటి రకంతో చేస్తే బార్లు చేతిలోనే పొడిపొడిగా రాలేవి. రెండో రకంతో చేస్తే మధ్యలో పచ్చి ముద్ద మిగిలేది. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఒకసారి ఓవెన్‌ని అనుమానించాను, ఇంకోసారి ఓట్స్‌ని. చిన్న డిజిటల్ తూకం కొన్నాక గానీ తెలియలేదు, తేడా అంతా పళ్ల సైజుదేనని. ఈ మూడేళ్లలో ఈ పని కోసం కొన్నవాటిలో నిజంగా పనికొచ్చింది ఆ తూకం ఒక్కటే. పండు మొత్తం బరువులో మూడో వంతు దాకా తొక్కకే పోతుంది కాబట్టి, తొక్క తీశాకే తూయాలి.

తర్వాత పండు మాగడం. పచ్చి కాయలో బరువులో ఐదో వంతు దాకా పిండిపదార్థం ఉంటుంది. మాగేకొద్దీ పండులోని ఎంజైములు దాన్ని చక్కెరగా మారుస్తాయి. బాగా మాగిన పండులో ఒకటి రెండు శాతమే మిగులుతుంది. పంచదార వేయని బార్‌కి ఉన్న తీపంతా ఆ చక్కెరే. కాబట్టి పసుపుపచ్చగా నిగనిగలాడే పండు చూడ్డానికి బాగుంటుంది గానీ దీనికి పనికిరాదు. తొక్క మీద మచ్చలు సగానికి పైగా పరుచుకుని, వేలితో నొక్కితే లోపలికి దిగాలి. తొక్క పూర్తిగా నల్లబడినా ఫర్వాలేదు. సారా వాసన వచ్చినా, తొడిమ దగ్గర బూజు కనిపించినా, నీళ్లు కారుతున్నా మాత్రం పారేయడమే.

ఆగలేక నేను ఒక చిట్కా కూడా ప్రయత్నించాను. పసుపు పళ్లను తొక్కతో సహా ఓవెన్‌లో పావుగంట పెడితే నల్లగా, మెత్తగా అవుతాయి. అయ్యాయి కూడా. గుజ్జు బ్రహ్మాండంగా నలిగింది, తీపి మాత్రం రాలేదు. ఎంజైములు రోజుల తరబడి చేయాల్సిన పని పదిహేను నిమిషాల్లో ఎలా అవుతుంది? అంతకంటే ఫ్రీజర్ దారి మేలు. పండు సరిగ్గా మాగిన రోజే తొక్క తీసి, ముక్కలు చేసి, 350 గ్రాముల చొప్పున డబ్బాల్లో పెట్టి గడ్డకట్టిస్తాను. తొక్కతోనే పెడితే తర్వాత ఒలవడానికి తల ప్రాణం తోకకొస్తుంది, అనుభవంతో చెబుతున్నాను. గడ్డ కరిగాక డబ్బా అడుగున గోధుమరంగు నీళ్లు చేరతాయి. మంచు పలుకులు పండు కణాలను చీల్చేస్తాయి కాబట్టి లోపలి నీరంతా బయటికొస్తుంది. మొదట్లో ఆ నీళ్లు పారబోసేవాణ్ని, తీపి కూడా వాటితోనే పోయేది. ఇప్పుడు అన్నీ కలిపేసి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ కాలుస్తాను.

ఓట్స్ విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. రోల్డ్ ఓట్స్, అంటే రేకులుగా ఒత్తినవి కొనండి. ఇన్‌స్టంట్ రకంతో చేస్తే రేకులు కరిగిపోయి, ట్రే మొత్తం బంకబంకగా ఒకే దిమ్మ అవుతుంది. రేకులుగా ఒత్తకుండా ముక్కలుగా నరికిన స్టీల్ కట్ ఓట్స్‌తో ఒక్కసారే చేశాను, పళ్ల కింద ఇసుకలా తగిలాయి. రోల్డ్ ఓట్స్‌లో మూడో వంతు మిక్సీలో వేసి పిండి చేసుకుని, మిగతావి రేకులుగానే వాడితే ముక్క విరగకుండా నిలుస్తుంది. కలిపిన వెంటనే ట్రేలో వేయకుండా పది నిమిషాలు పక్కన పెట్టాలి. కలిపినప్పుడు జారుగా ఉన్న ముద్ద పది నిమిషాల తర్వాత గరిటె నిలబెట్టగలిగేంత చిక్కబడుతుంది. ఆ రెండు స్థితులూ చూశాక "ఇంకొంచెం ఓట్స్ వేద్దామా" అనే టెన్షన్ పోయింది.

ఓవెన్ డయల్ మీద ఉన్న అంకెను నేను ఇప్పుడు నమ్మను. లోపల చిన్న థర్మామీటర్ పెట్టి చూస్తే మా దాంట్లో 175కి తిప్పితే 160 దగ్గరే ఆగుతోంది. అందుకే పాత ట్రేలు లేతగా, తడిగా వచ్చేవి. మీ ఓవెన్‌లో ఫ్యాన్ ఉంటే దీనికి తిరగేసి, 15, 20 డిగ్రీలు తగ్గించుకోవాలి. పుల్ల గుచ్చి చూడడం ఇక్కడ పెద్దగా పనిచేయదు, అరటిపండు ముక్క తగిలితే ఎప్పుడైనా తడిగానే వస్తుంది. అంచులు ట్రే గోడను వదిలి, మధ్యలో వేలు పెట్టి నొక్కితే గుంట పడకుండా పైకి లేస్తే అయినట్టే.

ఇక అసలు పరీక్ష ఆ తర్వాతే. ఓవెన్ నుంచి తీసిన మొదటి పది నిమిషాల్లో ఇల్లంతా దాల్చినచెక్క వాసన. అంచు దగ్గర చక్కెర బుడగలు ఇంకా చిటచిటలాడుతుంటాయి. ఎవరూ ఆగరు. మొదటి ఏడాది నేనూ ఆగలేదు, వేడివేడిగా ట్రేలోనే కత్తి పెట్టేవాణ్ని. కత్తితో పాటే ముద్ద పైకి వచ్చేది, గీసిన గీత మళ్లీ పూడిపోయేది, కోపంతో ఇంకా గట్టిగా ఒత్తేవాణ్ని. ట్రే అడుగున ఉన్న ఆ అయిదు గాట్లు అప్పటివే. ఇప్పుడు పేపర్ అంచులు రెండు చేతులా పట్టుకుని, పదో నిమిషంలో మొత్తం పలకను జాలీ మీదికి దించుతాను. ట్రేలోనే వదిలేస్తే అడుగున ఆవిరి పట్టి, పేపర్ మీద నీటిచుక్కలు తేలి, కింది వైపు మెత్తబడిపోతుంది. జాలీ మీద గంట, తర్వాత ఫ్రిజ్‌లో ఇంకో గంట. అప్పుడు కత్తితో నొక్కి కోస్తే అంచులు గీసినట్టు వస్తాయి. కత్తిని రంపంలా ఆడిస్తే బాదం పలుకులు ఊడివస్తాయి, ఒక్క ఒత్తుతో దించాలి.

పేపర్ అంటే గుర్తొచ్చింది. మామూలు బటర్ పేపర్, బేకింగ్ పేపర్ ఒకటి కాదు. సిలికాన్ పూత లేని పేపర్ వాడిన రోజున అది బార్ అడుగుకి అతుక్కుపోయి, తినేటప్పుడు గోటితో గీకి తీసుకున్నాం.

నిలవ సంగతి చెప్పకపోతే అన్యాయం. పంచదార లేదు, నీరు ఎక్కువ. అంటే బూజుకి పండగే. ఒక వారం డబ్బాలో పెట్టి బయటే వదిలేశాను. మూడో రోజు మూత తీస్తే రెండు ముక్కల మధ్య తెల్లటి నూగు. మిగతావి బాగానే కనిపించినా మొత్తం పారేశాను. బయట ఒక్క రోజు, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, అంతకంటే ఎక్కువ కాలానికైతే ఫ్రీజర్, ఇదీ ఇప్పుడు మా లెక్క. ముక్కల మధ్య పేపర్ పెట్టి గడ్డకట్టిస్తే రెండు నెలలు నిశ్చింత. రాత్రి తీసి ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దున లంచ్ బాక్సుకి సిద్ధం.

కలుపుకోవాల్సినవాటి గురించి క్లుప్తంగా. డార్క్ చాక్లెట్ ముక్కలు బాగుంటాయి, కాకపోతే అప్పుడు "పంచదార లేదు" అని చెప్పుకోకూడదు. ఎండుద్రాక్ష పైన తేలితే మాడి చేదెక్కుతుంది, ముద్దలోకి నొక్కేయాలి. గుమ్మడి గింజలు మంచివి. యాపిల్ తురుము వేస్తే పిండకుండా వేయకండి. ప్రోటీన్ పౌడర్ వేసిన ట్రే మా ఇంట్లో ఎవరూ పూర్తి చేయలేకపోయారు, గొంతుకి అడ్డం పడేంత పొడి.

ఇది ఆరోగ్యానికి మంచిదా అని అడిగేవాళ్లు చాలామంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నా కొలతతో ఒక ముక్కకి సుమారు 130 కేలరీలు పడతాయి. రుచిగా ఉందని మూడు తింటే 400కి దగ్గరపడతాయి. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములు తీసుకుంటే, సంతృప్త కొవ్వు, కొలెస్ట్రాల్ తక్కువున్న ఆహారంతో పాటు, గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతిచ్చింది. కానీ నా బార్‌లో ఓట్స్ 17 గ్రాములే. అందులో ఆ పీచు ఒక గ్రాము కూడా ఉండదు. కాబట్టి మందులా చూడొద్దు. సాయంత్రం నాలుగింటికి బిస్కెట్ ప్యాకెట్ విప్పే బదులు ఇది తింటే ఆకలి ఎక్కువసేపు ఆగుతుంది, అది మాత్రం నేను నా మీద చూసిందే. ఇంటికొచ్చేవాళ్లలో గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివాళ్లుంటే గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ ప్యాకెట్టే కొనాలి. ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ లేకపోయినా పొలంలో, మరలో గోధుమలు కలిసిపోతుంటాయి.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగు. పోయిన ఒక్కటీ విసుగుకి. అదే రుచి వారాల తరబడి తింటే మొహం మొత్తుతుంది. మా ఆవిడ నెలలో ఒక వారం "ఈ ఆదివారం వద్దండీ" అని ముందే చెప్పేస్తుంది. ఆ వారం పళ్లు ఫ్రీజర్‌కి పోతాయి. మా వాడు మచ్చలున్న పండు ఇప్పటికీ ముట్టడు. కానీ శుక్రవారం నుంచే వంటింట్లోకి వచ్చి, తొక్క మీద వేలు పెట్టి నొక్కి, "నాన్నా, ఇంకా రెండు రోజులు పడుతుంది" అని రిపోర్ట్ ఇస్తాడు.

ట్రే మాత్రం మార్చాలి, పూత పెచ్చులు తినేదాంట్లో పడడం నాకిష్టం లేదు. ఈసారి లేత రంగు అల్యూమినియం ట్రే తీసుకుందామనుకుంటున్నాను. నల్ల ట్రేకి వేడి త్వరగా ఎక్కి అడుగు తొందరగా ఎర్రబడుతుంది. కొత్తది వస్తే 25 నిమిషాల లెక్క సరిపోకపోవచ్చు, మొదటి రెండు ట్రేలు ఓవెన్ ముందే కూర్చుని చూసుకోవాలి.