ఓటీలో వేడిగాలి మిషన్: 11 నెలలు వాడాక

ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీలో) పేషెంట్‌ను వెచ్చగా ఉంచే మిషన్ ఇది. అది వచ్చిన మొదటి రోజు మేం చేసిన ఘనకార్యంతో మొదలుపెడతా. వెచ్చగాలి నింపి కప్పే దాని పేపర్ దుప్పటికి సన్నని చిల్లులు ఒకవైపే ఉంటాయి. ఆ వైపు పేషెంట్ ఒంటికి ఆనాలి. మేం తిరగేసి కప్పాం. ముప్పావుగంట పాటు థియేటర్ సీలింగ్‌కు వెచ్చగాలి పెట్టాం. టేబుల్ మీద బాలింత మాత్రం "సిస్టర్, సలి.. సలి.." అంటూనే ఉంది.

నేను నల్లగొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఓటీ సిస్టర్‌ని. ఈ పనిలో 14 ఏళ్లు. మా దగ్గర సిజేరియన్లు ఎక్కువ, తర్వాత హెర్నియాలు, ముసలివాళ్ల ప్రోస్టేట్ ఆపరేషన్లు. ఈ పేషెంట్ వార్మర్ 52 వేలకు వచ్చింది. కంపెనీ పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది.

చూడడానికి చిన్న డబ్బా. లోపల ఫ్యాను, హీటరు, ఫిల్టరు. ముందు తొండం లాంటి గొట్టం. గొట్టం కొసను పేపర్ దుప్పటికి తగిలిస్తే అది పరుపులా ఉబ్బి, చిల్లుల్లోంచి వెచ్చగాలి ఒంటి మీదికి వస్తుంది. 32, 38, 43 డిగ్రీలని మూడు బటన్లు. మేం ఎక్కువగా వాడేది 38.

ఎండాకాలంలో బయట నిలబడలేని నల్లగొండలో వేడిగాలి మిషన్ ఎందుకని మా మేనేజర్ అడిగారు. ఆయన ఎప్పుడూ థియేటర్ టేబుల్ మీద పడుకోలేదు కదా. లోపల ఏసీ, ఒంటి మీద బట్ట ఉండదు, పైనుంచి చల్లటి బెటాడిన్, చేతికి గది చల్లదనంలో ఉన్న సెలైన్. వీటన్నిటికంటే పెద్ద కారణం మత్తే. మత్తు ఎక్కగానే రక్తనాళాలు వదులై, లోపలి వేడి కాళ్లకూ చేతులకూ పారుతుంది. పూర్తి మత్తులో మొదటి గంటలోనే ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పడిపోతుంది. మనిషి లోపలి వేడి 36 కంటే తగ్గకూడదు. నడుముకు మత్తిచ్చినా ఇదే తంతు. పైగా సగం ఒంటికి స్పర్శ ఉండదు కాబట్టి ఎంత చల్లబడిందీ వాళ్లకే తెలియదు.

వణుకు మొదలైతే మా తిప్పలు చూడాలి. బీపీ పట్టీ తప్పు చూపిస్తుంది, వేలికి పెట్టిన క్లిప్పు మాటిమాటికీ అరుస్తుంది. వణుకు తగ్గడానికి ట్రమడాల్ ఇస్తే కొందరు వాంతి చేసుకుంటారు. పక్కన బిడ్డను పెడితే పట్టుకోలేని తల్లులను ఎంతమందిని చూశానో. ఇప్పుడు అలాంటివాళ్లు బాగా తగ్గారు. అసలు లేరంటే మాత్రం అబద్ధం.

వేడి తగ్గితే కుట్లు చీము పట్టే ప్రమాదమూ పెరుగుతుంది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన గురించి చెప్పి మా మత్తు డాక్టర్‌గారే మేనేజర్‌ను ఒప్పించారు. పెద్దపేగు ఆపరేషన్లు చేయించుకున్న 200 మందిని చూస్తే, వెచ్చగా ఉంచినవాళ్లలో నూటికి 6 మందికి గాయం ఇన్‌ఫెక్షన్ వచ్చింది, చల్లబడినవాళ్లలో 19 మందికి.

నేను వాడి తెలుసుకున్నది ఒకటుంది. మిషన్ అమ్మినతను ఆపరేషన్ మొదలయ్యాక పెట్టమన్నాడు. మత్తు డాక్టర్ ముందే పెట్టమన్నారు. ఆయన మాటే నిజం. మత్తుకు ఓ ఇరవై నిమిషాల ముందు బయట ట్రాలీ మీదే కప్పితే కాళ్లూ చేతులూ ముందే వెచ్చబడతాయి, లోపలి వేడి అటు పారడం తగ్గుతుంది. దేవరకొండ వైపు నుంచి ప్రోస్టేట్ ఆపరేషన్‌కు వచ్చిన ఒక తాత, మనవడు ఇంటి నుంచి తెచ్చిన గొంగడి లోపలికి తీసుకెళ్లనివ్వలేదని మా మీద కోపంగా ఉన్నాడు. గొంగడి నూగు రాలుతుంది, ఓటీలోకి రానివ్వం. ఈ దుప్పటి కప్పాక కాసేపటికి "గీ కాయిదం గొంగడి మంచిగనే ఉన్నది బిడ్డా" అని కళ్లు మూసుకున్నాడు. ఆ ఆపరేషన్‌లో లోపల కడగడానికి సీసాలకు సీసాలు నీళ్లు పోతాయి. అవి చల్లగా ఉంటే పైన ఎంత కప్పినా చాలదు. అందుకే ఆ సీసాలనూ వెచ్చబెట్టే వాడతాం.

ఇక తిట్లు. గొట్టం దుప్పటి దగ్గర గట్టిగా పట్టదు. టేబుల్ కొంచెం వంచితే చాలు, ఊడిపోతుంది. ఒక నైట్ డ్యూటీలో పేపర్ దుప్పటి అయిపోతే మా కుర్రాడు ఉత్త గొట్టాన్నే బెడ్‌షీట్ కిందికి తోశాడు. పేషెంట్ తొడ ఎర్రగా కమిలింది. పుణ్యానికి బొబ్బ లేవలేదు. నడుము కింద స్పర్శ లేని మనిషికి కాలినా తెలియదు. వెనకటికి నేను పనిచేసిన చోట గ్లౌజుల్లో వేడినీళ్లు నింపి కాళ్ల దగ్గర పెట్టేవాళ్లం, అక్కడా ఇలాంటి కాలినగాయం చూశాను. కాబట్టి దుప్పటి లేకుండా గొట్టం పెట్టకూడదని మిషన్ మీదే తెలుగులో రాసి అంటించాను. కంపెనీ ఇచ్చిన స్టిక్కర్ ఇంగ్లిష్‌లో ఉంది, అదీ వెనకవైపు.

అసలు ఖర్చు మిషన్ కాదు, దుప్పట్లు. ఒకరికి వాడి పారేయాలి. మాకు ఒక్కోటి 400 పడుతోంది. కొనేటప్పుడు పది ఫ్రీ అన్నారు, తర్వాత స్టాకు లేదంటూ మూడు వారాలు తిప్పారు. ఆ మూడు వారాలూ మిషన్ మూలన కూర్చుంది. "వాడినవే డెట్టాల్‌తో తుడిచి వాడండి మేడమ్" అని వాళ్ల సర్వీస్ అబ్బాయి ఫోన్‌లో సలహా ఇచ్చాడు. ఏం చెప్పాలి! ఫిల్టర్ మార్చే మనిషి హైదరాబాద్ నుంచి రావడానికి రెండు నెలలు పట్టింది. కరెంటు పోతే మా ఇన్వర్టర్ దీన్ని మోయదు, జనరేటర్ అందుకునేదాకా ఆగాల్సిందే.

మిషన్‌కు ఐదుకు నాలుగిస్తాను, కంపెనీ సర్వీస్‌కు ఒకటి. కొనేవాళ్లు ముందు ఆరు నెలల దుప్పట్ల రేటు రాయించుకోండి, రెండో గొట్టం అడగండి. మేం వార్డుకు ఇంకోటి కావాలని కాయితం పెట్టాం. మేనేజర్ టేబుల్ మీదే ఉంది.