కోవా చెక్కలో హవాయి పెద్ద దీవి: ఏడేళ్ల తర్వాత, ఒక చీలికతో

2017లో హవాయి పెద్ద దీవిలోని హీలో పట్టణంలో ఉన్నప్పుడు, కొండలూ లోయలతో సహా ఆ దీవి ఆకారంలో చెక్కిన ఈ బొమ్మను కొన్నాను. అడుగున్నర పొడవు, హవాయిలో పెరిగే కోవా చెట్టు చెక్క, ఒకే ముక్క, చేత్తో చెక్కింది. ధర చెప్పను, మా ఆవిడ ఇవి చదువుతుంది.

దీని గొప్పతనం ఫోటోలో కనబడదు, వేలు పెడితే తెలుస్తుంది. దీవిలోని అగ్నిపర్వతం మౌనా లోవా వాలు ఎంత మెల్లగా లేస్తుందంటే, శిఖరం దాటామని వేలు దిగడం మొదలయ్యాకే తెలుస్తుంది. అసలు కొలతల్లో అయితే ఇంత చెక్క మీద దాని పక్కనున్న 4,207 మీటర్ల కొండ మౌనా కియా సెంటీమీటరున్నర కూడా రాదు. చెక్కినాయన ఎత్తు రెండింతలు చేశాడు. అయినా ఈ రెండు కొండలకూ ఉన్న 38 మీటర్ల తేడా వేలికి అందదు. వాలు వచ్చిన చోటల్లా చెక్క చారలే మ్యాపులో ఎత్తు చూపించే కాంటూర్ గీతల్లా చుట్టలు తిరుగుతాయి. అది చూసే మొదట్లో కనిపించినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

తర్వాత ఉద్యోగం మారి షికాగో వచ్చాం. మొదటి జనవరిలో, హీటర్ ఆగకుండా నడుస్తుంటే, ఒక రాత్రి టప్‌మని చప్పుడు. ఫ్రిజ్ అనుకుని పడుకున్నాం. పొద్దున చూస్తే మౌనా లోవా నుంచి నైరుతి తీరం దాకా చీలిక, గోరు దూరేంత! హీలో తేమకు అలవాటైన చెక్క ఇక్కడి పొడిగాలికి కుంచించుకుంది. ఆ తప్పు చెక్కది కాదు. ఏ చెక్కైనా చారలకు అడ్డంగా కుంచించుకుంటుంది. వెనక ప్లైవుడ్‌కి మొత్తం జిగురు పూసి బిగించేశారు, ఇక ఎటు కదులుతుంది? కోలగా ఉండే రంధ్రాల్లో స్క్రూలు వేసుంటే సరిపోయేది. చెక్కినాయనకు మెయిల్ పెడితే "చెక్క కదులుతుంది సార్, సహజం" అని జవాబు. అంత తెలిసినవాడు జిగురెందుకు పూశాడో!

జూలైకి చీలిక దాదాపు మూసుకుంటుంది, డిసెంబరుకు మళ్లీ నోరు తెరుస్తుంది. 2022 నవంబరులో అసలు మౌనా లోవా పేలినప్పుడు లావా ఈశాన్యం వైపు పారింది. మా చీలిక మాత్రం నైరుతికే.

బొమ్మ ఉత్తర కొసన కోహాలా కొండ లోయల్లో దుమ్ము చేరుతుంది, పెయింట్ బ్రష్‌తో దులపాలి. అది పెద్ద పని కాదు.

మళ్లీ కొంటానా అంటే, హీలోలోనే ఉండిపోయి ఉంటే కొనేవాణ్ణేమో. ఇక్కడికైతే ముందు వెనక్కి తిప్పి చూస్తాను. మా ఆవిడ తీసేయమంటోంది కానీ నాకు చేతులు రావడం లేదు. తూర్పు కొసన కపోహో దగ్గర చిన్న నొక్కు ఉంది, చిటికెన వేలి కొస పట్టేంత. ఆ నొక్కు కపోహో అఖాతం; అసలు దాన్ని 2018లో లావా పూడ్చేసింది. మేం ఆదివారాలు ఈతకు వెళ్లింది అక్కడికే.