ఓవెన్ లేని ఇంట్లో పిజ్జా: పోత ఇనుము పెనం, ఏడాది వాడకం తర్వాత

మా ఇంట్లో ఓవెన్ లేదు. అద్దె ఇల్లు. వంటింటి గట్టు మీద గ్రైండర్, మిక్సీ, నీళ్ల ఫిల్టరు పెట్టాక ఓటీజీకి (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌కి) చోటు మిగల్లేదు. అయినా పోయిన జూన్ నుంచి దాదాపు ప్రతి ఆదివారం సాయంత్రం పిజ్జా చేస్తున్నాం. పిండి కలపడం దగ్గర్నుంచి సాస్ వరకు అంతా ఇంట్లోనే. అది కుదిరింది ఒక పెనం వల్ల. దాని గురించే రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సామాన్ల కొట్లో కొన్నాను. పది అంగుళాల పోత ఇనుము పెనం, చుట్టూ అంగుళంన్నర అంచు, పిడి కూడా అదే ఇనుము. బరువు రెండు కిలోల మూడొందల గ్రాములు, ధర 1,350 రూపాయలు. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. దాని అడుగు సమంగా లేదు, గట్టు మీద పెడితే ఊగేది. వెనక్కి పంపేశాను. ఈసారి కొట్లోనే నేల మీద పెట్టి, నాలుగు వైపులా వేలితో నొక్కి చూశాకే డబ్బులిచ్చాను. కొట్టాయన విసుక్కోలేదు. “చూసుకోండి మాష్టారూ, ఒకసారి తీసుకుంటే మీ మనవళ్ల దాకా ఉంటుంది” అన్నారు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ పెనం ఎందుకు పనిచేస్తుందో చెప్పకుండా ఉండలేను. ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జా కాల్చే కట్టెల పొయ్యి వేడి 430 డిగ్రీలు, ఆపైన. ఒకటి ఒకటిన్నర నిమిషంలో పిజ్జా బయటికొస్తుంది. ఇళ్లలో వాడే ఓటీజీ మామూలుగా 230, 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పల్చటి నాన్‌స్టిక్ పెనం మీద చల్లటి పిండి వేస్తే పెనం వేడి ఒక్కసారిగా పడిపోతుంది. పిండి కాలదు, ఎండిపోతుంది. సరే, ముందే బాగా కాల్చుకుందామంటే, ఖాళీ నాన్‌స్టిక్ పెనాన్ని పెద్ద మంట మీద ఉంచకూడదు, పూత పాడవుతుంది. పోత ఇనుముకి ఆ భయం లేదు. బరువు ఎక్కువ కాబట్టి వేడిని నిల్వ చేసుకుంటుంది, పిండి పడగానే ఆ వేడంతా అడుగుకి ఇచ్చేస్తుంది. అయితే ఇనుములో వేడి అల్యూమినియంలో పాకినంత త్వరగా పాకదు. పెద్ద మంట పెట్టి తొందరపడితే నడిమధ్య మాడుతుంది, అంచు దగ్గర పచ్చిగా ఉంటుంది. మధ్యస్థం కన్నా కొంచెం తక్కువ సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఖాళీగా కాలనివ్వాలి. మొదటి రెండు వారాలు నేను మూడు నిమిషాలకే వేసేశాను. పిల్లలు మధ్య ముక్క తిని అంచులు వదిలేశారు.

పిండి కొలత ఇదీ. మైదా 250 గ్రాములు, నీళ్లు 160 మిల్లీలీటర్లు, ఉప్పు ఒక చిన్న చెంచా, నూనె ఒక పెద్ద చెంచా, ఇన్‌స్టంట్ ఈస్ట్ చిన్న చెంచాలో పావు వంతు. తొమ్మిది అంగుళాల పిజ్జాలు రెండు వస్తాయి. ఈస్ట్ ఇంతేనా అనిపిస్తుంది. శనివారం రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి ఆదివారం సాయంత్రం తీస్తే అది చాలు. అప్పటికప్పుడు చేయాలంటే చిన్న చెంచా ఈస్ట్ వేసి గంటన్నర ఉంచవచ్చు, పొంగుతుంది కూడా. కానీ రాత్రంతా చల్లగా పులిసిన పిండికి వచ్చే రుచి దానికి రాదు. దోసెల పిండి పులియబెట్టే ఇళ్లవాళ్లకి ఈ తేడా నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మే నెలలో మా ఊరి ఎండకి బయట పెట్టిన ముద్ద ముప్పావు గంటలోనే పొంగి, జారి, పుల్లవాసన వేసింది. ఎండాకాలంలో ఫ్రిజ్ తప్పనిసరి, నీళ్లు కూడా చల్లటివే పోస్తాను.

ముద్ద పూరీ పిండిలా గట్టిగా ఉండకూడదు. బొబ్బట్ల పిండిలా మెత్తగా సాగాలి. ఈ మాట మా అమ్మది. మొదట్లో నేను అప్పడాల కర్రతో ఒత్తేవాణ్ని. లోపలి గాలంతా పోయి అడుగు చెక్కలా వచ్చేది. అమ్మ చూసి, “ఒరేయ్, కర్ర పక్కన పెట్టు” అని, చేతికి నూనె రాసుకుని, బొబ్బట్టు తట్టినట్టు మధ్య నుంచి బయటికి వేళ్లతో తట్టింది, అంచు మాత్రం ముట్టుకోలేదు. కాల్చాక ఆ అంచు ఉబ్బింది. నేపుల్స్‌లో పిజ్జా చేసేవాళ్లు కూడా కర్ర వాడరు, చేతులతోనే సాగదీస్తారు. వాళ్ల పనితనాన్ని 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. డెబ్బై ఏళ్ల మా అమ్మకి ఆ సంగతులేవీ తెలియకుండానే చెయ్యి అటే వెళ్లింది. నాకు ఎంత సంతోషమేసిందో!

స్టవ్ మీద చేసేటప్పుడు ఉన్న పెద్ద ఇబ్బంది పైభాగం. కింది నుంచి తప్ప వేడి రాదు. అందుకని పిండిని ముందు ఒట్టిగా రెండు నిమిషాలు కాలుస్తాను. పైన బుడగలొచ్చి, కింద గోధుమ రంగు మచ్చలు పడగానే అట్లకాడతో తీసి పళ్లెంలో తిరగేస్తాను. కాలిన వైపు పైకి వస్తుంది. సాస్, చీజ్ ఆ వైపు వేసి మళ్లీ పెనం మీదకి జార్చి, మూత పెట్టి, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా చీజ్ మీద పడకుండా మూతకి పొడి గుడ్డ చుట్టి, కొసలు మంటకి అందకుండా పైన ముడి వేస్తాను. చివరి నిమిషం మూత తీసేస్తాను. చీజ్ బాగా కరుగుతుంది. కానీ ఓవెన్‌లో లాగా పైన ఎర్రటి మచ్చలు రావు. అవి కావాలనుకునేవాళ్లు ఈ పెనంతో తృప్తిపడరు. అడుగు కరకరలాడాలి, అంచు మెత్తగా ఉండాలి అనుకునేవాళ్లకి మాత్రం ఇది చాలు.

సాస్‌కి ఐదు బాగా పండిన టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిర్చి. గరిటెతో గీత గీస్తే గీత నిలిచేదాకా దగ్గరికి రావాలి, నీరుంటే అడుగు మెత్తబడుతుంది. నాటు టమాటా అయితే చిటికెడు పంచదార. ఒరెగానో పొడికి బదులు ఒకసారి కుండీలోని వామాకు రెండాకులు సన్నగా తరిగి వేశాను. రెండూ తులసి కుటుంబం మొక్కలే, వాసన దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు అదే వేస్తున్నాం. చీజ్ మాత్రం మొజరెల్లా ముక్కగా కొని ఇంట్లో తురుముకోండి, పిజ్జాకి 80 గ్రాములు. తురిమి అమ్మే ప్యాకెట్లలో అంటుకోకుండా పిండి లాంటిది కలుపుతారు, అంత బాగా కరగదు.

పెనం సంరక్షణకి ఓపిక కావాలి. కొత్తలో కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి. నేను నాలుగుసార్లు అలా చేశాను. నూనె పొర నల్లగా గట్టిపడి, తర్వాత పిండి అంటుకోలేదు. టమాటా పులుపు ఆ పొరని తినేస్తుంది కాబట్టి సాస్‌ని అంచుకి వేలెడు వెడల్పు లోపలే ఆపుతాను. దసరా సెలవుల్లో మేం ఊరెళ్లే హడావుడిలో పెనం సింకులో నీళ్లలోనే ఉండిపోయింది. వచ్చేసరికి ఎర్రగా తుప్పు. చాలా బాధపడ్డాను. రాళ్లుప్పు, కొబ్బరి పీచుతో అరగంట తోమి, మళ్లీ మూడుసార్లు నూనె పట్టించాక మామూలయింది.

బరువు నిజంగా సమస్యే. అమ్మ దీన్ని ఎత్తలేదు, ఆవిడ దోసెలు పాత పెనం మీదే. ఎడమచేత్తో ఎత్తితే మణికట్టు లాగుతుంది. పిడికి ఎదురుగా రెండో చిన్న పిడి ఉన్న రకం కూడా ఆ కొట్లో ఉంది, 200 రూపాయలు ఎక్కువ. దాన్నే కొని ఉండాల్సింది. పిడి మొత్తం కాలుతుంది, మసిగుడ్డ లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. పైన గాజు పలక ఉన్న స్టవ్ అయితే ఈ బరువుని నెమ్మదిగా దించాలి.

పన్నెండు అంగుళాలది అడిగితే కొట్టాయన వద్దన్నారు, ఇంటి బర్నరు మంట అంచులదాకా అందదట. ఇప్పుడు వాడుతుంటే ఆయన మాట సరైనదనిపిస్తోంది. మా నలుగురికి రెండు పిజ్జాలు చేస్తాం. రెండోది ఎప్పుడూ మొదటిదానికన్నా బాగా వస్తుంది, అప్పటికి పెనం పూర్తిగా వేడెక్కి ఉంటుంది కాబట్టి. ఆ రెండోదాంట్లో మొదటి ముక్క అమ్మకి.