గోదావరి లంకల నుంచి ల్యాబుకి: పిహెచ్‌డి రక్త నమూనాలు మోయడానికి 1.7 లీటర్ల వ్యాక్సిన్ క్యారియర్ ఎలా ఉంటుంది?

టీకాల రోజున ఏఎన్ఎం భుజాన కనబడే డబ్బాయే ఇది. గట్టి ప్లాస్టిక్ గోడలు, గోడల మధ్య పాలీయూరిథేన్ ఫోమ్, లోపల నాలుగు పక్కలా నిలబెట్టే 0.4 లీటర్ల ఐస్ ప్యాకులు నాలుగు, మధ్యలో 1.7 లీటర్ల చోటు. ల్యాబు సామాను పేరుతో అమ్మే దిగుమతి డబ్బాల కంటే చాలా చవక, బైకు మీద పెట్టుకోవచ్చు, పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించవచ్చు. కోనసీమలోనో నరసాపురం వైపో ఊళ్లలో రక్తం సేకరించి కాకినాడకో ఏలూరుకో చేర్చాల్సిన పరిశోధక విద్యార్థికి ముందుగా గుర్తొచ్చేది ఇదే. కొనండి, మంచి వస్తువే. కాకపోతే ఇది టీకా కోసం పుట్టిన డబ్బా. మన డెల్టా దూరాలకి ఇందులో రక్తం వేడెక్కుతుందన్న బెంగ అక్కర్లేదు. భయపడాల్సింది అతి చల్లదనానికి.

డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకు −15 నుంచి −25 డిగ్రీల మధ్య ఉంటుంది. అలాగే డబ్బాలో పెట్టి, దానికి ఆనించి రక్తం ట్యూబు నిలబెడితే అంచున రక్తం ఐసులా గట్టిపడుతుంది, ఎర్రకణాలు పగులుతాయి. ల్యాబుకి చేరేసరికి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) గులాబీ రంగులోకి మారి ఉంటుంది. అంటే హీమోలైసిస్. ఆ ట్యూబులో పొటాషియం, ఏఎస్‌టి, ఎల్‌డిహెచ్ (చివరి రెండూ కణాల లోపల ఉండే ఎంజైములు) అంకెలు రోగివి కావు, ఐసువి. అందుకే ప్యాకుని ముందు ‘కండిషన్’ చేయాలి. బల్ల మీద ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పరచండి. పైన చెమట పట్టాక చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడాలి. అప్పుడే అది 0 డిగ్రీలకి వచ్చినట్టు. మే నెలలో అరగంటలో అయిపోవచ్చు, డిసెంబరు తెల్లవారుజామున గంట దాటవచ్చు. కాబట్టి గడియారం చూడకండి, చప్పుడు వినండి. ఫాస్టింగ్ రక్తం కోసం ఉదయం ఆరింటికే ఊళ్లో ఉండాల్సిన వాళ్లు తొందరలో మానేసేది సరిగ్గా ఈ మెట్టునే.

ప్యాకులో నీళ్లు గీత దాకానే పోయాలి. మూత దాకా నింపితే గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, ఆ తర్వాత డబ్బాలో సరిగా కూర్చోదు. ఫ్రీజర్‌లో కనీసం 24 గంటలు ఉంచాలి, కరెంటు పోతే అంతకంటే ఎక్కువ. రెండు సెట్లు, అంటే ఎనిమిది ప్యాకులు కొనుక్కుంటే ఒక సెట్టు ఎప్పుడూ ఫ్రీజర్‌లోనే ఉంటుంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన దగ్గర ఐసు ఫ్యాక్టరీలకి కొదవ లేదు కదా, నలగ్గొట్టిన మామూలు ఐసు పోసేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. వద్దు. కరిగిన నీళ్లలో ట్యూబులు తేలతాయి, లేబుళ్లు ఊడిపోతాయి. ఏ ట్యూబు ఎవరిదో తెలియకపోతే అది నమూనాయే కాదు.

ఇక రక్తం తీశాక దేన్ని ఎప్పుడు డబ్బాలో పెట్టాలి అన్నది. ఇక్కడే థీసిస్‌లు దెబ్బతింటాయి. సీరం ట్యూబుని తీసిన వెంటనే చల్లని డబ్బాలో దోపకూడదు. ఐదుసార్లు మెల్లగా తలకిందులు చేసి, గది ఉష్ణోగ్రతలో నిలువుగా 30 నిమిషాలు ఉంచితే గడ్డ సరిగ్గా కడుతుంది. చల్లబరిస్తే ఆలస్యమై, ఫైబ్రిన్ పోగులు తర్వాత అనలైజర్ సూదిలో అడ్డం పడతాయి. అంతకన్నా పెద్ద చిక్కు పొటాషియం. పొటాషియాన్ని కణం లోపల పట్టి ఉంచే పంపు చలికి మందగిస్తుంది, అది మెల్లగా సీరంలోకి జారుతుంది. కణాలు పగలవు కాబట్టి సీరం రంగు మారదు, పొటాషియం మాత్రం పెరిగిపోతుంది. కిడ్నీ మీద పనిచేసే వాళ్లకి ఇంతకంటే ప్రమాదం లేదు. కాబట్టి రెండు గంటల్లోగా సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి), సీరం వేరు చేసి, అప్పుడు పెట్టండి డబ్బాలో.

పీహెచ్‌సీ ల్యాబులో సెంట్రిఫ్యూజ్ దొరికితే ఆర్‌పిఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) మాత్రమే చూసి తిప్పేయకండి. రోటర్ వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే 3000 ఆర్‌పిఎం అంటే సుమారు 1000 జి (భూమి ఆకర్షణకి వెయ్యి రెట్ల బలం). అదే 3000 దగ్గర 15 సెం.మీ. రోటర్ సుమారు 1500 జి ఇస్తుంది. జెల్ ట్యూబుకి (కణాలకీ సీరానికీ మధ్య జెల్ అడ్డుగా నిలిచేది) 1000 నుంచి 1300 జి, పది నిమిషాలు చాలు. వాలుగా పెట్టే రోటర్ అయితే పదిహేను. సీరం తక్కువ వచ్చిందని అదే జెల్ ట్యూబుని మళ్లీ తిప్పితే కణాల దగ్గర మిగిలిన పొటాషియం పైకి వస్తుంది. ఆ పని చేయవద్దు. మెథడ్స్ చాప్టర్లో కూడా ఆర్‌పిఎం కాదు, జి రాయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేది అదే.

గ్లూకోజు ట్యూబు సంగతి దీనికి తిరగేసి. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో కూడా మొదటి గంటా రెండు గంటలూ గ్లూకోజు తగ్గుతూనే ఉంటుంది, ఎందుకంటే ఫ్లోరైడ్ అడ్డుకునేది గ్లైకోలిసిస్‌లో (కణాలు గ్లూకోజుని విడగొట్టే ప్రక్రియలో) చివరి మెట్ల దగ్గర. అందుకని దీన్ని తీయగానే చల్లబరచాలి. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల చక్కెర సగటు) కోసమైతే 2–8 డిగ్రీల దగ్గర వారం రోజులు నిశ్చింతగా ఉంటుంది. పీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష) కోసం తీసిన నీలం మూత ట్యూబు, కణాలు వేరు చేయడానికి తీసిన హెపారిన్ రక్తం, ఎల్‌డిహెచ్ కోసం వేరు చేసిన సీరం మాత్రం చల్లని డబ్బాలోకి వెళ్లకూడదు, వీటికి గది ఉష్ణోగ్రతే మంచిది. అంటే ఒకే మనిషి దగ్గర తీసిన ట్యూబులకి రెండు డబ్బాలు కావాలి. రెండోదాన్ని ఐసు లేకుండా వాడితే ఎండ నుంచి కాపాడుతుంది.

డబ్బాలో 13×100 మి.మీ. ట్యూబులు ఫోమ్ స్టాండులో నిలువుగా పాతిక దాకా హాయిగా పడతాయి. ఇంకా కుక్కవచ్చు, కానీ ప్యాకులకి ఆనుతాయి. ట్యూబులకీ ప్యాకులకీ మధ్య పలచని థర్మకోల్ పలక పెట్టండి. పడుకోబెట్టి తీసుకెళితే ఏటిగట్టు రోడ్డు గతుకులకి రక్తం చిలికినట్టే అవుతుంది. మన తేమకి ట్యూబు పైన నీళ్లు పట్టడం ఖాయం, మామూలు కాగితం లేబులు నిలవదు. ఫ్రీజర్ లేబులు వాడి, నంబరు మూత మీద కూడా రాయండి. మార్కర్ రాత శానిటైజర్ చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. ట్యూబులు స్టాండుతో సహా దూది పరచిన మూసే ప్లాస్టిక్ డబ్బాలో, అది క్యారియర్‌లో. కొరియర్‌కి ఇచ్చేటప్పుడు యుఎన్ 3373 గుర్తు (పరీక్ష నమూనాల రవాణాకి అంతర్జాతీయ గుర్తు) తప్పనిసరి, ఈ మూడు పొరలూ అడిగేది ఆ నియమమే.

పీహెచ్‌సీలో టీకాలకి వాడే క్యారియర్‌ని అరువు అడగవద్దు. ఫార్మసిస్టు మొహమాటానికి ఇచ్చినా మీరు తీసుకోవద్దు. టీకాలు దాచే ఫ్రిజ్ ఐఎల్ఆర్‌లో రక్త నమూనాలు పెట్టడం కూడా నిషిద్ధం. ఐస్ ప్యాకులు గడ్డకట్టించుకోవడానికి ఎవరి ఫ్రీజరు వాడాలో ఎథిక్స్ కమిటీకి వెళ్లేముందే మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి, రాతలో తెచ్చుకోవాలి.

డబ్బాతో పాటు రాని, కానీ లేకపోతే కుదరని వస్తువు డేటా లాగర్, అంటే ఉష్ణోగ్రతని దానంతటదే రాసిపెట్టుకునే పరికరం. ఐదు నిమిషాలకోసారి రికార్డు చేసేలా పెట్టి, దాన్ని ప్యాకుల పక్కన కాక ట్యూబుల మధ్య ఉంచండి. గాలి ఉష్ణోగ్రత మూత తీసిన ప్రతిసారీ ఎగురుతుంది, కాబట్టి ప్రోబుని నీళ్లు నింపిన ట్యూబులో ముంచితే నిజమైన అంకె వస్తుంది. అసలు నమూనాలకి ముందు నీళ్ల ట్యూబులతో ఒకసారి మీ దారంతా తిప్పి చూడండి. ఆ గ్రాఫు థీసిస్ అనుబంధంలో పెట్టదగ్గది.

దారి గురించి ఒక మాట. సఖినేటిపల్లి–నరసాపురం పంటు ఆగితే దిండి–చించినాడ వంతెన చుట్టూ తిరగాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వచ్చాక లంకల కాజ్‌వేల మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆలస్యాన్ని డబ్బా తట్టుకుంటుంది. సెంట్రిఫ్యూజ్ చేయని ట్యూబు తట్టుకోదు. కాబట్టి సీరం వేరు చేయడం రేవుకి ఇవతలే అయిపోవాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు లంకల్లో సేకరణ పెట్టుకోకపోతే ఇంకా మంచిది. యుజిసి 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఒక వరద కాలం వదిలినా గడువు మించదు.

ఆర్ఎన్ఏ కోసమైతే ఈ డబ్బా పనికిరాదు. −80 కావాలంటే డ్రై ఐసు, అది −78.5 డిగ్రీలు. దాన్ని ఈ క్యారియర్‌లో వేసి మూత బిగిస్తే గ్యాసు పోయే దారి ఉండదు, పగిలే ప్రమాదం. లిక్విడ్ నైట్రోజన్ జాడీలు ఎలా మోయాలో తెలుసుకోవాలంటే పశువుల ఆసుపత్రికి వెళ్లండి. పశువుల కృత్రిమ గర్భధారణకి వాటిని ఊరూరా మోసే గోపాలమిత్రలకి మనకంటే బాగా తెలుసు.

కొనేటప్పుడు మూత బిగుతు చూడండి, మూత కింద స్పాంజి పలక ఉందో లేదో చూడండి. నీలకమల్ లాంటి కంపెనీలు చేసేవి దొరుకుతాయి. ప్యాకులు ఇంకో కంపెనీవి కొంటే కొలత తేడా వచ్చి మూల్లో ఖాళీ మిగులుతుంది, డబ్బా దగ్గరే పెట్టి చూసుకుని తీసుకోండి. భుజం పట్టీ బకిలు బలహీనం. నిండిన డబ్బాని బైకు మీద పట్టీతో వేలాడదీయకుండా వెనక సీటుకి రబ్బరు తాడుతో కట్టాలి.